ఏడుకు చోటెక్కడ?

మా పెద్దమ్మ తెనాలిలో ముప్పై ఏళ్ళకు పైగా తెలుగు పాఠాలు చెప్పి రిటైరయిన మనిషి. దినపత్రికలో వచ్చే గళ్ళనుడికట్టు ఆమె చేతిలో కాఫీ చల్లారేలోపు పూర్తవుతుంది. అటువంటి మనిషి, అదే పుటలో దాని పక్కనే ఉండే సుడోకును ఏళ్ళ తరబడి ముట్టుకోలేదు. పోయిన సంక్రాంతికి వెళ్ళినప్పుడు కారణమడిగితే, "నాకు లెక్కలు రావురా" అంది. లెక్కలతో దానికి సంబంధం లేదని ఎలాగో ఒప్పించి పెన్సిలు చేతికిచ్చాను. ఆమె పెన్సిలు మొనను పై వరసలో ఎడమవైపునుంచి మొదటి ఖాళీ గడి మీద ఆనించి, "ఇక్కడ ఏం వస్తుంది?" అని అడిగింది. ఈ వ్యాసం రాయాలన్న ఆలోచన నాకు ఆ ప్రశ్న విన్నప్పుడే కలిగింది.

ఆ ప్రశ్న గళ్ళనుడికట్టు నేర్పిన అలవాటు. అక్కడ ప్రతి గడికీ ఒక ఆధారం ఉంటుంది, మనం గడి దగ్గర నిలబడి దానికి సరిపోయే అక్షరం కోసం వెతుకుతాం. ఆ అలవాటుతోనే సుడోకులోకి వచ్చినవారు ప్రతి ఖాళీ గడి దగ్గరా ఆగి "నీలో ఏముంది?" అని అడుగుతారు. గడి జవాబు చెప్పదు. నాలుగైదు గళ్ళు అలా మౌనంగా ఉండిపోయేసరికి, ఇది మనకు అందే వ్యవహారం కాదని పత్రిక మడిచేస్తారు. నా వాదన ఏమిటంటే, తేలిక స్థాయి సుడోకును మొదలుపెట్టేటప్పుడు ప్రశ్న వేయవలసింది అంకెకు. "ఈ గడిలో ఏ అంకె?" అన్నది ఆట చివరి భాగంలో పనికొచ్చే ప్రశ్న; "ఈ పెట్టెలో 7 ఎక్కడ?" అన్నది మొదట వేయవలసిన ప్రశ్న. కొత్తవారికి నేర్పేవాళ్ళలో చాలామంది ఈ వరసను తలకిందులు చేస్తారనీ, అది చాలదన్నట్టు ఖాళీ గళ్ళన్నిటిలో చిన్న చిన్న అంకెలు రాయించి వాళ్ళను విసిగిస్తారనీ నా ఫిర్యాదు.

నియమం తెలియనివారి కోసం రెండు వాక్యాలు. తొమ్మిది అడ్డం వరసలు, తొమ్మిది నిలువు వరసలు, మూడేసి గళ్ళ పొడవు వెడల్పులతో తొమ్మిది పెట్టెలు, మొత్తం 81 గళ్ళు ఉంటాయి. ప్రతి అడ్డం వరసలోనూ, ప్రతి నిలువు వరసలోనూ, ప్రతి పెట్టెలోనూ 1 నుంచి 9 వరకు అంకెలు ఒక్కొక్కటి ఒక్కసారే రావాలి. కూడిక, తీసివేత ఎక్కడా లేవు. అంకెల బదులు క, చ, ట, త, ప, య, ర, ల, వ అని తొమ్మిది అక్షరాలు పెట్టినా ఆట ఒక్క వెంట్రుకవాసి మారదు. మాయా చదరంలో ఎటు కూడినా ఒకే మొత్తం రావాలి కాబట్టి అక్కడ లెక్కలున్నాయి, ఇక్కడ లేవు. మా బాబాయి ఒకాయన మాత్రం వరసలో ఒక్క గడి మిగిలినప్పుడల్లా ఎనిమిదింటినీ కూడి 45లోంచి తీసివేస్తాడు. జవాబు తప్పకుండా వస్తుంది గాని, లేని అంకె ఏదో చూసి చెప్పడానికి పట్టే సమయంకన్నా ఆ కూడికకే ఎక్కువ పడుతుంది.

ఈ ఆటకున్న రెండు పేర్లను పక్కపక్కన పెట్టి చూడడం నాకిష్టం. దీన్ని ఇప్పుడున్న రూపంలో కూర్చినవాడిగా చెప్పుకునేది అమెరికాలోని ఇండియానా రాష్ట్రానికి చెందిన హోవర్డ్ గార్న్స్ అనే విశ్రాంత ఆర్కిటెక్టును. 1979లో డెల్ సంస్థ వారి పజిళ్ళ పత్రికలో "నంబర్ ప్లేస్" అన్న పేరుతో ఇది అచ్చయింది. జపానులో నికోలి అనే ప్రచురణ సంస్థ 1984లో దీన్ని తీసుకుని "సూజీ వా దొకుషిన్ ని కగిరు" అని పొడుగాటి పేరు పెట్టింది. అంకెలు ఒంటరిగానే ఉండాలని దాని అర్థం. దొకుషిన్ అంటే పెళ్ళికానివాడు కనుక, అంకె బ్రహ్మచారిగానే ఉండాలని మనం సరదాగా చెప్పుకోవచ్చు. ఆ సంస్థను నడిపిన మాకీ కాజీ దాన్ని "సుడోకు" అని కుదించాడు, లోకమంతా ఆ పేరే నిలిచింది. అయితే జపాను పేరు ఆట నియమాన్ని మాత్రమే చెబుతుంది. పాత అమెరికా పేరు ఆడే పద్ధతిని కూడా చెబుతోంది: అంకె, దాని చోటు. అంకెను పట్టుకో, చోటు వెతుకు. పెద్దమ్మకు నేను చెప్పవలసిన పాఠమంతా ఆ మరచిపోయిన పేరులోనే ఉంది.

అంకెను అడగడం ఎందుకు తేలిక? ఏ గడిని తీసుకున్నా దానికి ఇరవైమంది ఇరుగుపొరుగు ఉంటారు: అడ్డం వరసలో ఎనిమిది గళ్ళు, నిలువు వరసలో ఎనిమిది, ఆ రెండిట్లోనూ లేకుండా పెట్టెలో మిగిలినవి నాలుగు. "ఈ గడిలో ఏది?" అని అడిగినవారు ఆ ఇరవై గళ్ళనూ చూసి, కనిపించిన అంకెలన్నిటినీ మనసులో పేర్చుకుని, తొమ్మిదింటిలోంచి వాటిని కొట్టివేసి, ఏవి మిగిలాయో చూడాలి. ఆట మొదట్లో సాధారణంగా రెండో మూడో మిగులుతాయి, అంటే పడ్డ శ్రమకు ఫలితం సున్నా. అంకెను అడిగినవారు మనసులో ఉంచుకోవలసింది ఒక్క ఆకారాన్నే. 7 అన్న ఆకారం ఎక్కడెక్కడ ఉందో కన్ను దానంతటదే పట్టుకుంటుంది. సంతలో మనవాడి చొక్కా రంగు గుర్తుపెట్టుకుని వెతికినట్టే.

మాటలతో కాకుండా ఒక పజిల్ మీదనే చూద్దాం. ఇది పెద్దమ్మ కోసం నేను కూర్చినది. చుక్క ఉన్నచోట ఖాళీ గడి అనుకోండి.

5 . 8 | 6 9 . | . 2 .
. 6 . | 4 . 7 | . . 1
. . 7 | . . 8 | 3 9 .
------+-------+------
3 . 6 | . 7 . | . 8 .
. 9 . | 2 . 6 | 4 7 .
. 5 . | . 8 . | 6 . 2
------+-------+------
. . 5 | 3 . . | 2 . .
1 . . | 7 . 2 | . 4 .
. 7 . | . 4 . | 9 . 3

ఇందులో 37 అంకెలు ఇచ్చి ఉన్నాయి, 44 గళ్ళు ఖాళీ. పెట్టెలకు ఎడమనుంచి కుడికి, పైనుంచి కిందికి 1 నుంచి 9 వరకు సంఖ్యలు వేసుకుందాం. నడి పెట్టె అయిదోది అవుతుంది.

ముందు పెద్దమ్మ దారిలో వెళ్ళి చూడండి. మొదటి అడ్డం వరసలో మొదటి ఖాళీ, 5కూ 8కీ మధ్య ఉన్న గడి. దాని ఇరుగుపొరుగులన్నిటినీ చూసి కొట్టివేయగా 1, 3, 4 మిగులుతాయి. తరవాతి ఖాళీలో 1, 3 మిగులుతాయి. మూడో ఖాళీలో మాత్రం ఎనిమిది అంకెలు కొట్టుకుపోయి ఒక్క 7 నిలుస్తుంది, కాదనను. కాని అంతవరకూ వచ్చేసరికి మనిషి అలసిపోతాడు, అదీ ఓపిక ఉన్నవాడైతే.

ఇప్పుడు అంకెల దారి. ఎక్కువసార్లు ఇచ్చిన అంకెతో మొదలుపెట్టాలి. ఇక్కడ 7 ఆరు చోట్ల ఉంది, కాబట్టి 3, 4, 9 పెట్టెలకే అది రావలసి ఉంది. నాలుగో పెట్టెను, అంటే ఎడమవైపు నడిమి పెట్టెను చూడండి. దాని గుండా పోయే అడ్డం వరసలు 4, 5, 6. నాలుగో వరసలో 7 అవతలి పెట్టెలో ఉంది. అయిదో వరసలోనూ అంతే. కనుక ఈ పెట్టెలో 7 ఆరో వరసలోనే కూర్చోవాలి. ఆ వరసలో ఈ పెట్టెకు మూడు గళ్ళున్నాయి: మొదటిది ఖాళీ, రెండోదానిలో 5 ఉంది, మూడోది ఖాళీ. మూడో నిలువు వరసలో పైన, మూడో అడ్డం వరస దగ్గర, 7 ముందే ఉంది కనుక ఆ మూడో గడికి 7 రాదు. ఆరో అడ్డం వరస మొదటి గడిలో 7 రాసెయ్యండి. ఇందులో ఊహ లేదు, లెక్క లేదు, మూడు గీతల మీద కన్ను జారించడమే ఉంది.

మూడో పెట్టెకు వద్దాం. రెండు, మూడు అడ్డం వరసలలో 7 ఉంది కాబట్టి ఇక్కడ అది మొదటి వరసలోనే రావాలి. 2కు అటో ఇటో రెండు ఖాళీలున్నాయి. ఏదో ఇప్పుడే తేలదు. తేలనప్పుడు అక్కడ కూర్చుని జుట్టు పీక్కోకుండా వదిలేసి ముందుకు వెళ్ళాలి. కొత్తవారు సరిగ్గా ఇక్కడే ఇరుక్కుపోవడం నేను చాలాసార్లు చూశాను. తొమ్మిదో పెట్టెలో 8, 9 అడ్డం వరసలకు 7 ఉంది, అందువల్ల ఏడో వరసే గతి. అక్కడ ఏడో గడిలో 2 ఉంది, ఎనిమిదో నిలువు వరసలో 7 ముందే ఉంది, మిగిలింది చివరి గడి. అక్కడ 7 రాసిన మరుక్షణం, ఇందాక వదిలేసిన మూడో పెట్టె చిక్కు విడిపోతుంది: తొమ్మిదో నిలువు వరసలోకి ఇప్పుడే 7 వచ్చింది కనుక, పైన అది 2కు ఎడమవైపే ఉండాలి. తొమ్మిది ఏడులూ దొరికాయి.

కొత్తవారు గమనించవలసింది ఈ వెనక్కి రావడాన్ని. ఒక అంకెను ఒకసారి చుట్టివచ్చి వదిలేయడం సగం పనే. కొత్తగా రాసిన ప్రతి అంకె అదే అంకెకు మరో పెట్టెలో దారి తెరుస్తుంది. 8 చూడండి. నాలుగే ఇచ్చి ఉన్నాయి, 3, 4, 7, 8, 9 పెట్టెలకు కావాలి. మూడో పెట్టెలో రెండో అడ్డం వరస ఏడో గడి, నాలుగో పెట్టెలో అయిదో అడ్డం వరస మొదటి గడి, ఎనిమిదో పెట్టెలో చివరి అడ్డం వరస నాలుగో గడి వెంటనే దొరుకుతాయి. వాటి పుణ్యమా అని తొమ్మిదో పెట్టెలో ఎనిమిదో అడ్డం వరస చివరి గడి, దాని వల్ల ఏడో పెట్టెలో 5కు ఎడమ పక్క గడి తేలతాయి. ఆ తరవాత 3 పట్టుకోండి. దాన్ని నేను విప్పి చెప్పను, అయిదు గళ్ళూ ఒకటి తరవాత ఒకటిగా రాలతాయి. మూడు అంకెలతో పదమూడు గళ్ళు నిండాయి, ఒక్క చిన్న అంకె కూడా మూలన రాసుకోలేదు.

ఎక్కువసార్లు ఇచ్చిన అంకెతో మొదలుపెట్టాలన్నాను గాని అది శాసనం కాదు. ఈ పజిల్లో 2 అయిదు చోట్ల ఉంది, 8 కంటే ఒకటి ఎక్కువ. అయినా మొదటి చుట్టులో 2 ఒక్క గడినే ఇస్తుంది, నాలుగో అడ్డం వరసలో 3కూ 6కూ మధ్యన. తరవాత మొండికేస్తుంది. ఇచ్చిన అంకెల సంఖ్య ఎంతో, అవి ఎక్కడెక్కడ పడ్డాయన్నదీ అంతే ముఖ్యం. ఒకే వైపు గుమిగూడిన అయిదింటికన్నా విడివిడిగా పరచుకున్న నాలుగు మేలు.

అయితే ఆ మొండి 2 దగ్గరే, తేలిక సుడోకులో అప్పుడప్పుడు ఎదురయ్యే ఒక అందమైన ఎత్తు ఉంది. 3లు నిండిన తరవాత మొదటి పెట్టెను చూడండి. అక్కడ 2 రాగలిగిన గళ్ళు రెండే మిగిలాయి, రెండూ మొదటి నిలువు వరసలోనే: రెండో అడ్డం వరసలో ఒకటి, మూడో అడ్డం వరసలో ఒకటి. ఏదో మనకు తెలియదు. తెలియకపోయినా, 2 ఈ నిలువు వరసలో పై పెట్టెలోనే ఉంటుందన్నది మాత్రం ఖాయం. అందుచేత కింద ఏడో పెట్టెలో మొదటి నిలువు వరసలోకి 2 రాలేదు. అక్కడ 7, 8 అడ్డం వరసలకు 2 ముందే ఉంది గనుక, మిగిలిన ఒకే చోటు చివరి అడ్డం వరసలో మూడో గడి. పైన చోటు తేలకుండానే కింద జవాబు తేలింది. పెద్దమ్మ దీన్ని చూసి, వాన వెలిశాక చూరు కింద తడి చూసి గాలి ఎటునుంచి కొట్టిందో చెప్పినట్టుందని అంది. ఇంతకన్నా మంచి పోలిక నాకు దొరకలేదు.

ఇప్పుడు నేను మొదట తిట్టిన ప్రశ్నకు దాని చోటు దానికివ్వాలి. పజిల్ సగం దాటి నిండిన తరవాత "ఈ గడిలో ఏది?" అన్నదే చురుకైన ప్రశ్న అవుతుంది. 7, 3 పెట్టేసరికి మొదటి అడ్డం వరసలో రెండే ఖాళీలు మిగిలాయి, రావలసినవి 1, 4. చివరి నిలువు వరసలో 1 ఇచ్చే ఉంది కనుక చివరి గడిలో 4, రెండో గడిలో 1. ఎనిమిదో అడ్డం వరసలో 5, 6, 9 రావాలి. మూడో గడికి నిలువుగా చూస్తే 5, 6 రెండూ ఉన్నాయి, కాబట్టి 9; ఏడో గడికి నిలువుగా 6, 9 ఉన్నాయి, కాబట్టి 5; మిగిలిన 6 నడిమి గడికి. రెండో మూడో ఖాళీలున్న వరసను చూడగానే అంకెలను వదిలి గడిని పట్టుకోవాలి. నలభై నాలుగు ఖాళీలున్నప్పుడు ఇదే ప్రశ్న బరువు, పదిహేను ఖాళీలున్నప్పుడు ఇదే తేలిక.

చిన్న అంకెల సంగతి. ప్రతి ఖాళీ గడిలోనూ రాదగిన అంకెలన్నిటినీ ముందే రాసుకోమని చెప్పేవారు ఉన్నారు. ఫోనుల్లో ఆడే ఆటల్లో ఒక్క మీట నొక్కితే అవన్నీ వచ్చేస్తాయి కూడా. కఠినమైన పజిళ్ళలో ఆ అవసరం ఉండవచ్చు, దాని జోలికి నేను పోను. తేలిక పజిల్లో అది నష్టమే అంటాను. నలభై నాలుగు ఖాళీలలో గడికి మూడేసి చొప్పున రాసినా నూట ముప్పై రెండు అంకెలవుతాయి. పెద్ద అంకె ఒకటి రాసిన ప్రతిసారీ దాని ఇరవైమంది ఇరుగుపొరుగులోనూ ఆ చిన్న అంకెను వెతికి చెరపాలి. ఒక్కటి చెరపడం మరచిపోతే అది అక్కడ కూర్చుని చివరిదాకా అబద్ధం చెబుతుంది. పైగా ఆ ముసురులో అసలు అంకెల ఆకారం కంటికి ఆనదు, అంటే మన బలాన్ని మనమే పోగొట్టుకుంటాం.

రాసుకోవాలనిపిస్తే దానికొక పొదుపైన మార్గముంది. మూడుసార్లు ప్రపంచ విజేత అయిన అమెరికన్ థామస్ స్నైడర్ పేరుమీద చెలామణీ అయ్యే పద్ధతి ఇది. 2008లో గోవాలో జరిగిన ప్రపంచ పోటీలో కూడా గెలిచినది ఆయనే. ఒక పెట్టెలో ఒక అంకెకు సరిగ్గా రెండే చోట్లు మిగిలినప్పుడు మాత్రమే ఆ రెండు గళ్ళ మూలల్లో దాన్ని చిన్నగా రాసుకుంటారు. మూడు చోట్లుంటే రాయరు. ఇందాకటి మూడో పెట్టె 7కు ఇది అచ్చంగా సరిపోతుంది: 2కు అటూ ఇటూ చిన్న 7లు రెండు రాసి ముందుకు పోతే, తిరిగి రావలసిన చోటు కాగితమే గుర్తుచేస్తుంది. ఇదీ గడి గురించి రాసుకునే చీటీ కాదు, అంకె గురించి రాసుకునే చీటీ అన్నది చూడండి. పోటీలలో గెలిచేవాడు కూడా "7కు చోటెక్కడ" అనే అడుగుతున్నాడు.

ఊహించి రాయడం గురించి నాకు కాస్త సిగ్గుపడే అనుభవం ఉంది. విజయవాడనుంచి సికింద్రాబాదు వెళ్ళే రైల్లో, బాల్‌పెన్నుతో, పక్క సీటాయన చూస్తున్నాడన్న ఉత్సాహంలో, ఖమ్మం దగ్గర ఒక గడిలో 4 అయి ఉంటుందని రాసేశాను. రెండిటిలో ఒకటి, సగానికి సగం అవకాశం. కాజీపేట దాటాక ఒకే నిలువు వరసలో రెండు 9లు ఎదురుపడ్డాయి. అప్పటికి ఆ 4ను నమ్ముకుని మరో పద్దెనిమిది గళ్ళు నింపి ఉన్నాను. వాటిలో ఏది ఒప్పో, ఏది ఆ 4 కన్న తప్పో విడదీయడం అసాధ్యమైంది. ఊహలో ఉన్న చిక్కు ఇదే. తప్పు జరిగినచోట తప్పు కనబడదు, దాని మనవల తరంలో కనబడుతుంది. పక్క సీటాయన మర్యాదస్తుడు, కిటికీలోంచి బయటికి చూడడం మొదలుపెట్టాడు.

తేలిక పజిల్లో ఊహ అవసరమే రాదని అంత ధీమాగా చెప్పడానికి ఆధారం, సరైన సుడోకుకు ఒకే ఒక్క జవాబు ఉంటుందన్న కట్టుబాటు. ఒకే జవాబు ఉండాలంటే కనీసం ఎన్ని అంకెలివ్వాలన్న ప్రశ్నకు, పదిహేడు అని 2012లో డబ్లిన్ యూనివర్సిటీ కాలేజీకి చెందిన గ్యారీ మెగ్వైర్ బృందం కంప్యూటరుతో జల్లెడపట్టి తేల్చింది. పదహారుతో అటువంటి పజిల్ లేదు. దీన్నిబట్టి ఎక్కువ అంకెలిస్తే జవాబు ఒక్కటే ఉంటుందని అనుకుంటే పొరపాటు, ఆ పొరపాటు చేసింది నేనే.

పైన ఇచ్చిన పజిల్‌ను పెద్దమ్మకు మొదట ఇచ్చినప్పుడు అందులో 34 అంకెలే ఉన్నాయి. నికోలి వారి పద్ధతిలో, కాగితాన్ని తలకిందులు చేసినా ఇచ్చిన గళ్ళ అమరిక మారకుండా ఉండాలని ముచ్చటపడి కూర్చాను. ఆమె భోజనాలయ్యాక మొదలుపెట్టి, 7లు, 8లు, 3లు చకచకా పెట్టుకుంటూ వెళ్ళి, చివర్లో ఆగిపోయింది. "ఇక్కడ 1 పెట్టినా సరిపోతోంది, 4 పెట్టినా సరిపోతోందిరా" అంది. మళ్ళీ చూడు, ఏదో ఒక కారణం ఉండే ఉంటుందని నేను పంతులుగారిలా సలహా ఇచ్చాను. పావుగంట చూసి, "కారణం లేదు. ఉంటే నువ్వే చూపించు" అని కాగితం నా ముందుకు తోసింది.

ఆమె చెప్పిందే నిజం. 4, 5, 6 అడ్డం వరసలలో ఆరు గళ్ళు మిగిలాయి, వరసకు రెండు చొప్పున, అన్నిటిలోనూ 1 గాని 4 గాని. అవి 3, 6, 7 నిలువు వరసలలో కూడా రెండేసి చొప్పున పడ్డాయి, పెట్టెకు కూడా రెండేసే. ఒక గడిలో 1 పెడితే మిగిలిన అయిదూ వరసగా తేలతాయి. అక్కడే 4 పెడితే అవే అయిదూ తారుమారై మళ్ళీ చక్కగా తేలతాయి. తిరగలిలా తిరుగుతుందే తప్ప ఆగదు. పై మూడు వరసలలో 1, 4, 6 అంకెలతో మరొక తిరగలి, 2, 5, 9 అంకెలతో ఇంకొకటి ఉన్నాయి. మూడు తిరగళ్ళు, ఒక్కోదానికి రెండు తిప్పులు, మొత్తం ఎనిమిది జవాబులు. ఒక్కో తిరగలిలో ఒక్కో అంకెను ముందే ఇచ్చేస్తే తప్ప ఆ పజిల్ పజిల్ కాదు. అందుకే మొదటి అడ్డం వరసలో 6, మూడో వరసలో 9, అయిదో వరసలో 4 తరవాత చేర్చాను. ముచ్చటపడ్డ అమరిక చెడిపోయింది, జవాబు ఒక్కటైంది. మీరు పై పజిల్‌లో వికారంగా కనబడే ఆ మూడు అంకెలు నా తప్పుకు వేసిన మాసికలు.

పత్రికల పజిళ్ళలో ఈ బెడద ఉండదు. హాంకాంగులో న్యాయమూర్తిగా పనిచేసిన న్యూజీలాండు వాసి వేన్ గూల్డ్ 1997లో టోక్యోలో ఈ ఆటను చూసి, ఆరేళ్ళపాటు కూర్చుని పజిళ్ళు తయారుచేసే కంప్యూటరు ప్రోగ్రాము రాశాడు. 2004 నవంబరు 12న లండన్ టైమ్స్‌లో అతని పజిల్ వచ్చాక ఏడాది తిరగకుండానే ఇది ప్రపంచమంతా పాకింది. ప్రోగ్రాము జవాబు ఒక్కటేనా అని పరీక్షించాకే పజిల్‌ను బయటికి వదులుతుంది. కాబట్టి అచ్చయిన తేలిక పజిల్లో మీరు ఆగిపోతే కారణం ఎక్కడో ఉందనే నమ్మండి. ఒక అంకె చుట్టు తిరగడం మరచి ఉంటారు, బహుశా ఇప్పుడే రాసినదాన్ని. ఇంట్లో నాలాంటివాడు కూర్చినదైతే మాత్రం అంత నమ్మకం పెట్టుకోకండి.

మాసికలు వేసిన కాగితం మర్నాడు పెద్దమ్మకు ఇచ్చాను. ఈసారి పెన్సిలు ఏ గడి మీదా ఆనలేదు, గాలిలో నిలిపి, "ఏడులెన్ని ఉన్నాయి... ఆరు" అని మొదలుపెట్టింది. 7, 8, 3 అయ్యాక 2 దగ్గర కాసేపు ఆగింది, చివరి అడ్డం వరసలో 2 రాసి నవ్వుకుంది. అన్నిటికన్నా వెనక మిగిలినవి 1లు. "రెండే ఇచ్చావు, పిసినారి వెధవా" అని తిట్టి అవి కూడా పెట్టేసింది. ఆ తరవాత, ఒకే జవాబున్న దానిలో పెద్ద రుచి లేదని చెప్పి, నిన్నటి చెడ్డ కాగితం ఎక్కడ పెట్టానో అడిగి తెప్పించుకుని, ఎనిమిది జవాబులనూ విడివిడిగా రాయడానికి పాత నోటుపుస్తకం తీసింది. నేను సాయంత్రం బస్సెక్కే సమయానికి అయిదు దొరికాయి.